నాచారం సదస్సులో నేను కట్టిన సమాధి

ఏ ఊరు వెళ్ళొచ్చినా మర్నాడు పొద్దున్నే మా అరుగు మీద జనం చేరడం మామూలు. నేను బందరు వెళ్ళొస్తే వాళ్ళు విన్నది లండను విశేషాలు. మా ఆవిడ కామాక్షి మాత్రం గుమ్మం లోపల కత్తిపీట ముందేసుకుని కూర తరుగుతూ, నేను చెప్పే ప్రతిదాన్నీ నాలుగోవంతు చేసుకుని వింటుంది. నేను నూరుమంది అంటే ఆమెకు పాతికమంది. నేను గజం పాము అంటే ఆమెకు జానెడు పాము. పాతికేళ్ళ కాపురంలో ఈ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదని ఆమె వాదన. చదివేవారు కూడా ఇదే పద్ధతి పెట్టుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. భాగించనక్కర్లేని చోటు వస్తే నేనే చెబుతాను.

నాచారం నుంచి వచ్చి పది రోజులైంది. అరుగు ఖాళీగా ఉంది. అడిగినవాళ్ళకి "బాగానే జరిగింది" అని ఒక్క ముక్క చెప్పి పంపించేస్తుంటే, నాకు ఒంట్లో బాగాలేదని వీధి వీధంతా అనుకుంది. పక్కింటివాళ్ళు మిరియాల కషాయం కూడా పంపించారు. అది తాగి ఇది రాస్తున్నాను.

ముందు మా సంఘం సంగతి చెప్పాలి. కాలువ ఒడ్డునున్న మా ఊళ్ళో, ఎవరూ లేని శవాలను మోసే సంఘం ఒకటుంది. రైలుస్టేషన్లోనో, సత్రంలోనో, ధర్మాసుపత్రిలోనో దిక్కులేకుండా పోయినవారిని నలుగురం భుజాన వేసుకుని రేవుకు చేరుస్తాం. నేను మామూలుగా తాలూకా ఆఫీసులో గుమాస్తాని, కబురొస్తే సంఘం కార్యదర్శిని. మాకు రెండు నియమాలున్నాయి. పోయినవారు ఎవరైనా సరే కొత్త గుడ్డే కప్పాలి. వారి దగ్గర దొరికిన వస్తువు ఏదైనా సరే ఏడాది పాటు మా గదిలో అలమారులో ఉంచాలి, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని. పన్నెండేళ్ళలో ఒక్కరూ రాలేదు. ఇది భాగించనక్కర్లేదు.

రాసుకోని నియమం మరొకటుంది, అది నేను పెట్టింది. దారిలో ఎవరూ మొహం వేలాడెయ్యకూడదు. పాడె ఎలాగూ బరువే, మొహాలు కూడా బరువైతే రేవుదాకా నడవలేం. అందుకని ముందువైపు కుడికొమ్ము పట్టుకున్న నేను ఏదో ఒక హాస్యం చెబుతూనే ఉంటాను. వెనక మోసేవాళ్ళు నవ్వి నవ్వి పాడె ఊగిపోయిన రోజులున్నాయి.

అలాంటి సంఘానికి ఈ మాఘమాసంలో హైదరాబాదు నుంచి ఒక కవరు వచ్చింది. స్వచ్ఛంద సేవాసంఘాల కార్యకర్తలకు ప్రాంతీయ నాయకత్వ సదస్సు, నాచారంలో, మూడు రోజులు, భోజనవసతి ఉచితం. మా దగ్గర నాయకులెవరూ లేరు, ఉన్నవి నాలుగు జతల భుజాలు. అందులో దర్జీ, రిక్షా ఆయన, కిళ్ళీకొట్టు ఆయన పని మానుకుని రాలేమన్నారు. నేను సెలవుచీటీ రాసి, పక్క చుట్టుకుని రైలెక్కాను.

ఘట్‌కేసర్

కాజీపేట దాటాక పెట్టెలోని మాట మారిపోయింది. ఎదుటి బల్ల మీద తలపాగా పెద్దమనిషి ఒకాయన నేనెక్కడికో కనుక్కుని జాలిపడ్డాడు.

"సికింద్రాబాద్ దాంక పోయి మల్ల ఎన్కకొస్తరా సారు? ఘట్‌కేసర్ల దిగుండ్రి. ఉప్పల్ పక్కనే నాచారం. ఉప్పల్ గీడనే."

"ఎంత దూరం ఉంటుందండీ?"

"దూరమేంది? గీడనే అంటున్న గదా."

దిగాను. గీడనే అంటే తొమ్మిది మైళ్ళని స్టేషను బయట ఛాయ్ హోటలాయన చెప్పాడు. ఉన్నదాన్ని నాలుగింతలు చేసి చెప్పేవాణ్ణి నేనైతే, ఈ దేశంవాళ్ళు దూరాన్ని నలిపి గుప్పిట్లో పెట్టేస్తారు. మా రెండు పద్ధతుల మధ్య ఎక్కడో అసలు భూమి ఉండి ఉంటుంది. ఛాయ్ పదిహేను పైసలు. సాసరులో పోసుకుని తాగాలట. మా ఊళ్ళో కాఫీని రెండు గ్లాసుల మధ్య గజం ఎత్తున సాగదీస్తాం. ఇక్కడ ఛాయ్‌ని అసలు కదపరు, కదిపితే దాని మీద మీగడకు కోపమొస్తుందన్నట్టు తెచ్చి ముందు పెడతారు. బస్సు కోసం నేను అక్కడ కూర్చున్న సేపట్లో ఒక గడ్డం మొలిచి, నెరిసి ఉండేది. ఈలోగా చెప్పుకు బొటనవేలి ఉంగటం తెగింది. పురికొస కట్టుకుని మిగతా యాత్రంతా కాలీడ్చుకుంటూ చేశాను.

ఉప్పల్ దారి

బస్సులో నా పక్కన ఒక గంపా, గంప పక్కన ఒక ముసలామె. బోడుప్పల్ దాటేదాకా ఇటూ అటూ తాటిచెట్లు, తర్వాత ద్రాక్షపందిళ్ళు. పందిరి కింద గుత్తులు గుమ్మడికాయలంత ఉన్నాయి. ముసలామె మూట విప్పి జొన్నరొట్టె తుంచి, దానిమీద ఉల్లిగడ్డ కారం అద్ది నా చేతిలో పెట్టింది. మా వైపు ముందు ఊరు, ఆపైన ఇంటిపేరు, ఆపైన తిప్పితిప్పి కులం అడిగి, అన్నీ సరిపోతే అప్పుడు పెడతాం. ఈమె పెట్టాక అడిగింది, అదీ ఊరొక్కటే. తర్వాత ఏం పని చేస్తానంది. చెప్పాను. గంపను రెండంగుళాలు అవతలికి జరిపింది. కాసేపు కిటికీలోంచి చూసి మళ్ళీ ఇవతలికి జరిపి, ఇంకో రొట్టె ఇచ్చింది.

"తిను బిడ్డా. మోసెటోనికి బలం గావాలె," అంది.

నాచారం, మొదటి రోజు

సదస్సు ఒక బడి హాల్లో. బడి వెనక కార్ఖానాల గొట్టాలు. వాటి పొగకు ఆ ఊళ్ళో కాకులు పుట్టాకే నల్లబడ్డాయేమో అనిపించింది. గుమ్మంలోనే కన్వీనరు నరసింగరావు గారు, రిటైరైన హెడ్మాస్టరు, నా చొక్కాకు గులాబీరంగు అట్టపువ్వు గుచ్చారు. దానిమీద 'నాయకుడు' అని ముద్ర. లోపల చూస్తే అలాంటి పువ్వులు రెండువందల నలభై. కంటి శిబిరాల నాయకులు, రాత్రిబడుల నాయకులు, కోళ్ళ పెంపకం నేర్పే నాయకులు, ఊరగాయలు పెట్టే మహిళామండలి నాయకురాళ్ళు. ఎవరికి వారు తమ సంఘం గురించి చెప్పుకున్నారు. నా వంతు వచ్చి చెప్పగానే, నా కుడిపక్క కుర్చీ ఖాళీ అయింది. కాసేపటికి ఎడమపక్కది కూడా. ఆలస్యంగా వచ్చినందువల్ల వేరే చోటు దొరకక భువనగిరి రాత్రిబడి పంతులు యాదగిరి వచ్చి కూర్చున్నాడు.

"సారు, మీ సంఘానికి మెంబర్లు దొర్కుడు కష్టంగని, గిరాకి మాత్రం ఎన్నడు తక్కువుండది," అన్నాడు. అప్పటినుంచి మేమిద్దరం ఒక జట్టు.

పొద్దున్నంతా నరసింగరావు గారు బోర్డు మీద నిచ్చెన గీసి, నాయకుడు ఒక్కో మెట్టు ఎలా ఎక్కుతాడో చెప్పారు. భోజనాలయ్యాక విస్తళ్ళు తియ్యాల్సి వచ్చింది. హాల్లో ఉన్నది రెండువందల నలభైమంది నాయకులు, ఒక చీపురు. ఈ విషయం మీద ఒక ఉపసంఘం ఏర్పాటైంది. దానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకునేలోపల వంటామె వచ్చి అన్నీ ఎత్తి, ఊడ్చి, పేడనీళ్ళు చల్లి వెళ్ళిపోయింది.

ఆమె పేరు మరియమ్మ. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆమె చేసిన పచ్చిపులుసు మూడుసార్లు పోయించుకున్నాను. మా వైపు చింతపండును చారు పేరుతో మరిగించి మరిగించి చంపుతాం. ఇక్కడ దాన్ని పచ్చిగానే ఉంచి, ఉల్లిపాయ ముక్కలు వేసి, ప్రాణంతోనే విస్తట్లో వదులుతారు.

"మీదేవూరు సారు?" అంది నాలుగోసారి పోస్తూ.

చెప్పాను. గరిటె ఆగింది.

"మీ దిక్కు రైసుమిల్లుల్ల మా దిక్కోళ్ళు పనిజేస్తరా?"

"ఒకరా ఇద్దరా? వేలమంది ఉన్నారమ్మా," అన్నాను. నిజానికి నేను మా ఊరి రైసుమిల్లు గుమ్మం ఎక్కి పదేళ్ళయింది.

"గట్లనా," అని ఆమె నా వంక అలాగే చూసింది. ఇంకేదో అడుగుతుందనుకున్నాను. వెనక పంక్తివాళ్ళు కేకేశారు, వెళ్ళింది.

యాదగిరి చెయ్యి కడుక్కుంటూ చెప్పాడు. "అందర్ని గదే అడుగుతున్నది. ఆమె పెనిమిటి ఇస్సాకు గీడ ఇనుము పోతపోసే కార్ఖానల ఉంటుండె. వానకాలం మొదట్ల కార్ఖాన బందువెట్టిన్రట. మీ దిక్కు రైసుమిల్లుల పనికి పోతున్న అని పోయిండు, మల్ల రాలె. ఆడ ఇంకొకదాన్ని ఉంచుకున్నడని బస్తీల అంటున్నరు. మీ దిక్కోళ్ళు ఎవరన్న వస్తరేమో, అడుగుదమని ఈ వంట పని ఒప్పుకున్నదట."

"పాపం," అన్నాను. అని, మర్నాడు నేనివ్వాల్సిన ఉపన్యాసం గురించి ఆలోచనలో పడ్డాను. ఇస్సాకు ఎలా ఉంటాడని నేనడగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే ఈ యాత్ర ఇంకోలా రాసేవాణ్ణి.

నాచారం, రెండో రోజు

ఆ రోజు పని ఏమిటంటే, ప్రతి నాయకుడూ తన సంఘం చేసిన గొప్ప పని ఒకటి అయిదు నిమిషాల్లో చెప్పాలి. నా ముందు లేచినాయన వంద కోడిపిల్లల గురించి గంటసేపు చెప్పాడు. నా వంతుకు హాలు సగం నిద్రలో ఉంది. నిద్రపోయే జనాన్ని చూస్తే నాకు పూనకం వస్తుంది.

కిందటి శ్రావణంలో మా స్టేషను ప్లాట్‌ఫారం మీద జ్వరంతో పోయిన మనిషి కథ ఎత్తుకున్నాను. పేరు తెలియదు, ఊరు తెలియదు. పోలీసులు రెండు రోజులు చూసి మాకప్పగించారు. ఇంతవరకూ నిజం. ఆపైన నా నాలుక నా మాట వినడం మానేసింది. ఊరు ఊరంతా కదిలిందన్నాను. కొట్లన్నీ మూశారన్నాను. బ్యాండుమేళం, పూలు, దారికి అటూ ఇటూ ఆడవాళ్ళు, అయిదువేలమంది కన్నీళ్ళు. "కన్నతల్లి లేకపోతేనేం, ఆ రోజు మా ఊళ్ళో ప్రతి తల్లీ అతని తల్లే" అన్నాను. చివరికి, "అతని కుడిచేతి చివరి రెండు వేళ్ళూ కలిసిపోయి ఉన్నాయి. పోతూ పోతూ మమ్మల్ని దీవించినట్టే ఉంది ఆ చెయ్యి" అని ముగించాను.

చప్పట్లు ఆగలేదు. మహిళామండలివాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నరసింగరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నా రెండు పక్కల కుర్చీలూ నిండాయి.

ఛాయ్ విరామంలో మరియమ్మ వరండాలోకి వచ్చింది. చేతిలో ఏమీ లేదు.

"సారు, ఆయినె చెయ్యి... కుడిచెయ్యేనా?"

"కుడిచెయ్యేనమ్మా."

"దగ్గర డబ్బ ఏమన్న ఉండెనా?"

ఉపన్యాసంలో నేను డబ్బా మాట ఎత్తలేదు. అల్యూమినియం టిఫిన్ డబ్బాలో పెంచి చెప్పడానికి నాకేమీ కనబడలేదు.

"ఉందమ్మా. మా గదిలో దాచాం. మూత చుట్టూ గుడ్డపేలిక కట్టి ఉంది."

"ఎర్రది."

"ఎర్రదే."

"మూత లూజు. పులుసు కారుతదని నేనే కట్టిన," అంది.

ఆమె మెట్టు మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఏడవలేదు. "పోత పోసేటప్పుడు కాలినయి ఆ యేళ్ళు," అంది. "ఆర్నెల్ల సంది బస్తీల ఒక్కొక్కరు ఒక్కొక్క మాట అన్నరు సారు. మా అత్త అందరితోని కొట్లాడింది, నా కొడుకు అసుంటోడు గాదు అని. నేను గూడ... నేను గూడ ఓనాడు అన్న, ఉంచుకున్నడేమో అని," అంది.

తర్వాత నా వైపు తిరిగింది.

"యాడ బొందవెట్టిన్రు సారు?"

అప్పుడు తెలిసింది నాకు, ఆమె అడుగుతున్నది ఎక్కడ పూడ్చిపెట్టారని. ఇస్సాకు, మరియమ్మ. నిన్నటినుంచి ఆ పేర్లు నా చెవిలో ఉన్నాయి. దిక్కులేని శవానికి మాకు తెలిసిన దారి ఒక్కటే, రేవు, కట్టెలు. మెడలో శిలువ ఉందేమో చూశాం, లేదు. చేతి మీద పచ్చబొట్టు చూశాం, లేదు. కానిస్టేబులు "మనవాడే అయ్యుంటాడు" అన్నాడు. వానలో తడిసిన కట్టెలు ఎంతకూ అంటుకోక, కిరసనాయిలు పోసి నేనే నిప్పుపెట్టాను.

"కాలువ గట్టునమ్మా," అన్నాను. "వేపచెట్టు కింద."

అక్కడ ఆగి ఉండొచ్చు. ఆగలేదు. చుట్టూ సన్నజాజి పాకించామన్నాను. తలవైపు రాయి నిలబెట్టామన్నాను.

"రాయి మీద ఏం రాసిన్రు? పేరు ఎర్కలేదు గదా."

"'మా అన్న' అని రాయించామమ్మా."

అప్పుడు ఏడ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా.

మూడో రోజు, కార్ఖానాల వెనక

పొద్దున్నే బడి గేటు దగ్గర ఇరవైమంది బస్తీవాళ్ళు. ఇది భాగించనక్కర్లేదు, లెక్కపెట్టాను. మరియమ్మ అత్త ముందు నిలబడి ఉంది, వంగిపోయిన మనిషి. నా తల మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తియ్యకుండానే వెనక్కి తిరిగి జనంతో, "ఇన్నరా? అయిదువేలమంది ఏడ్చిన్రట నా కొడుకు కోసం. పట్నపు దొర పోతె గూడ గంతమంది రారు. ఇప్పుడనుండ్రి, ఎవరేం అంటరో," అంది. కొందరు నేలచూపులు చూశారు.

నరసింగరావు గారు పొంగిపోయారు. ముగింపు సభలో ఉత్తమ నాయకుడి పత్రం నాకేనని చెవిలో చెప్పారు. మరియమ్మ దగ్గరికొచ్చి, "సాయంత్రం బండికి నేను గూడ మీ ఎంబడి వస్త సారు," అంది. "మొన్న సమాధుల పండుగకు అందరు వాళ్ళవాళ్ళ కాడ మొంబత్తులు వెట్టిన్రు. నేను మా బిడ్డ బొంద కాడ ఒక్కటే వెట్టిన. ఆయిన బొంద జూసి ఓ మొంబత్తి వెట్టొస్త."

ఆమె బస్తీవాళ్ళతో వెళ్ళిపోయింది. ఆ పూట బోర్డు మీద నిచ్చెన ఎన్ని మెట్లెక్కిందో నాకు తెలియదు. మధ్యాహ్నం యాదగిరికి జరిగిందంతా చెప్పాను. అతను చాలాసేపు బీడీ వెలిగించకుండా పట్టుకున్నాడు.

"పోయి జెప్పుండ్రి సారు. అంత దూరం తీస్కపోయి కాల్వ గట్టు సూపెడ్తరా?"

పురికొస చెప్పు ఈడ్చుకుంటూ వెళ్ళాను. కార్ఖానా గోడ వెంబడి అరమైలు నడిస్తే బస్తీ. గోడకు అవతల తాళం వేసిన గేటు, లోపల తుప్పుపట్టిన ఇనుము గుట్టలు. ఇవతల రేకుల ఇళ్ళు. ముసలామె బయట అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని వేపచెట్టు గురించి చెబుతోంది. అప్పటికే ఆ చెట్టు నేను నాటినదానికంటే పెద్దదైంది. ఆమె కూడా నా జాతిదే అనుకున్నాను.

లోపల మరియమ్మ దుప్పటి మూట కట్టుకుంటోంది. మూట పక్కన కాగితంలో చుట్టిన నాలుగు మొంబత్తులు, మా వైపు కొవ్వొత్తులంటాం.

"కూసోండ్రి సారు. ఛాయ్ పెడ్త."

"వద్దమ్మా. నువ్వు బయల్దేరొద్దు."

"ఎందుకు సారు?"

"అక్కడ సమాధి లేదు."

ఆమె మూట ముడి వదల్లేదు.

"మాకు తెలియలేదమ్మా. రేవులో కాల్చాం. నిప్పు పెట్టింది నేనే."

బయట ముసలామె మాటలు వినబడుతున్నాయి. మరియమ్మ నా చేతుల వంక చూసింది. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను.

"మీకు ఎర్కలేదు గదా," అంది. నాతో అందో, మూటతో అందో.

"తెలియదమ్మా."

"ఎంతమంది వచ్చిన్రు?"

అంకెలు నా నోట్లో వాటంతటవే పుడతాయి. ఆపడానికి ఎంత కష్టమైందో చెబితే నమ్మరు.

"నలుగురం. మోసినవాళ్ళమే."

"ఎవరన్న ఏడ్చిన్రా?"

"లేదమ్మా." అని, మిగతాది కూడా చెప్పేశాను. "నవ్వుకున్నాం. వాన పడుతోంది. నేనొక హాస్యం చెప్పాను."

"ఏం జెప్పిన్రు?"

నా జన్మలో ఎవరూ అలా అడగలేదు. "ఐదుగురం పోతున్నాం, తడవకుండా గుడ్డ కప్పుకున్న తెలివైనవాడు ఒక్కడే, అన్నాను."

ఆమె ఆలోచించింది. "గండ్ల గంత నగేతందుకేమున్నది?"

"ఏమీ లేదమ్మా."

"ఆయినైతె నగుతుండె," అంది. "ఉత్తగనే నగుతుండె, అన్నిటికి." మూట ముడి విప్పడం మొదలుపెట్టింది. "గుడ్డ పాతదా?"

"కొత్తది. అది మాత్రం మా నియమం."

"ఎన్ని గజాలు?"

ఎనిమిది అందామనిపించింది. పన్నెండు అందామనిపించింది.

"నాలుగు."

"సాలుతయి," అంది. "ఆయిన పొడుగు గాదు."

దుప్పటి మడతపెట్టి పెట్టె మీద ఉంచింది. మొంబత్తుల కాగితం మాత్రం చేతిలోనే పట్టుకుంది.

"ఆ కాల్చిన కాడ మన్ను ఇంత దొర్కుతదా సారు? ఈడ మా బిడ్డ పక్కన పెట్టుకుంటం. అత్త పోయి కూసునేతందుకు ఓ జాగ ఉంటది."

"ఆ తర్వాత కాలువ రెండుసార్లు పొంగిందమ్మా. అదే మన్నని చెప్పలేను. ఆ రేవు మన్నయితే పంపిస్తాను."

"గదే సాలు. డబ్బల వోసి పంపుండ్రి. డబ్బ కడిగిన్రా?"

"లేదు."

"కడగకుండ్రి."

గుమ్మం దాటుతుంటే గొంతు తగ్గించి, "అత్తకు జెప్పకుండ్రి సారు," అంది. "ఆమెకు ఆ యాపచెట్టు గట్లనే ఉండనియ్యుండ్రి."

అరుగు మీది ముసలామె నన్ను చూసి పక్కవాళ్ళతో, "గీయినెనే," అంది.

ముగింపు సభ

పత్రం తీసుకోవడానికి నా పేరు పిలిచారు. మైకు ముందు నిలబడి, నిన్న నేను చెప్పింది అబద్ధమని, వెళ్ళింది నలుగురమేనని, బ్యాండూ పూలూ లేవని, ఎవరూ ఏడవలేదని, మనిషిని కాల్చామని, అది కూడా తప్పేనని చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక్క మాటైనా పెంచకుండా మాట్లాడాను. హాలంతా విరగబడి నవ్వింది. నరసింగరావు గారు మైకందుకుని, "చూసిన్రా, ఇదీ నాయకునికి ఉండవలసిన వినయం" అన్నారు. మళ్ళీ చప్పట్లు. వెనక గుమ్మంలో మరియమ్మ ఛాయ్ గిన్నెతో నిలబడి ఉంది. నవ్వనిది ఆమే, యాదగిరీ.

స్టేషను దాకా యాదగిరి వచ్చాడు. బండి కదిలేటప్పుడు నా కాలి వంక చూసి, తన చెప్పులు విడిచి కిటికీలోంచి లోపలికి విసిరాడు. ఒక సైజు పెద్దవి. ఇప్పుడూ అవే తొడుక్కుంటున్నాను.

ఇల్లు

మర్నాడు కామాక్షి కత్తిపీట ముందు కూర్చుంది. అరుగు మీద ఎవరూ లేరు గనక లోపలే కూర్చుని చెప్పాను.

"ఎంతమంది వచ్చారని అడిగింది. నలుగురమన్నాను," అన్నాను.

"అంటే ఒక్కడివే మోశావా?" అంది అలవాటు కొద్దీ.

"కాదు. నలుగురమే."

కామాక్షి తలెత్తింది. సగం తరిగిన వంకాయ నీళ్ళలో వేసి, కత్తిపీట మడిచింది. హాస్యం చెప్పాను, నవ్వలేదు. నాలుగు గజాలన్నాను, భాగించలేదు. దుప్పటి పక్కన కాగితంలో చుట్టిన మొంబత్తుల దగ్గరికి వచ్చేసరికి, లేచి దొడ్లోకి వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు మొహం కడుక్కుని ఉంది గానీ ముక్కు ఎర్రగానే ఉంది.

అలమారులోంచి డబ్బా తీశాను. కడగలేదు. రేవుకు వెళ్ళి, మేము కట్టెలు పేర్చిన చోటని తోచిన దగ్గర మన్ను తీసి నింపి, ఎర్ర పేలిక మళ్ళీ కట్టాను. పోస్టాఫీసులో గుమాస్తా పార్సిల్లో ఏముందన్నాడు. మట్టి అన్నాను. నా సంగతి తెలిసినవాడు గనక నవ్వి, "సరే సరే, వజ్రాలని రాస్తాలెండి" అన్నాడు.

దానితోపాటు ఒక కార్డు రాశాను. మరియమ్మకు బైబిలు చదవడం వచ్చని యాదగిరి చెప్పాడు, నా రాతా చదువుతుంది.

"డబ్బా పంపుతున్నాను. కడగలేదు. మన్ను రేవుదే. ఆ రోజు ఎవరైనా ఏడ్చారా అని అడిగారు, లేదన్నాను. ఆర్నెల్లు ఆలస్యంగా ఇప్పుడు ఒకరు."

కామాక్షికి చూపించాను. రెండుసార్లు చదివి, నా మొహం వంక ఒకసారి చూసి, కలం తీసుకుని 'ఒకరు' కొట్టేసి 'ఇద్దరు' అని రాసింది.

పాతికేళ్ళలో ఆమె నా అంకె పెంచడం అదే మొదటిసారి.